అక్క ఎడమ మోకాలు

మా నాన్న మలేషియాలో, పోర్ట్ క్లాంగ్ ఓడరేవు దగ్గర ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. చైనా భాష వస్తే ఓడరేవులో ఎవడూ మనల్ని తోసెయ్యలేడని ఆయన నమ్మకం. అందుకే నన్ను తమిళ బడికి కాకుండా చైనా బడికి పంపాడు. క్లాసులో నల్లపిల్లను నేనొక్కదాన్నే. మొదటి వారంలోనే నాకు పేరు పెట్టేశారు, మాండరిన్‌లో 'నల్లపిల్ల' అని అర్థం. ఒకరోజు హాజరు పిలుస్తూ టీచరు కూడా నోరు జారి అదే పేరుతో పిలిచింది. క్లాసంతా నవ్వింది. ఆవిడా నవ్వింది.

ఆ బడిలో ఆడుకోవడానికి ఉన్నది ఒక్క బాస్కెట్‌బాల్ కోర్టు. పెద్ద తరగతి ఆడపిల్లలు ఇంటర్వెల్‌లో నన్ను మధ్యలో నిలబెట్టి, బంతిని నా తలమీదుగా విసురుకునేవాళ్ళు. అందుకుంటే ఆటలో చేర్చుకుంటామనేవాళ్ళు. రెండు నెలలు అందలేదు. అందిన రోజు నేను తిరిగి ఇవ్వలేదు. కోర్టంతా వాళ్ళని పరిగెత్తించాను. నాలుగుసార్లు పడేశారు, మోచేతులు గీరుకుపోయాయి, బంతి మాత్రం వదల్లేదు. వరండాలో నిలబడి చూసిన డ్రిల్లు మాస్టారు మర్నాడు నన్ను బడి జట్టులోకి రమ్మన్నాడు. నన్ను పడేసిన వాళ్ళని ఒక్క మాట కూడా అనలేదు.

తెలుగు చదవడం నేను నేర్చుకున్నది నానమ్మ దగ్గర, ఆవిడ పెద్దక్షరాల బైబిల్లో. నానమ్మ ఎస్టేట్‌లో పుట్టి, ఎస్టేట్‌లోనే రబ్బరు చెట్లు గీసి ముసలిదైన మనిషి. వేళ్ళు కొంకర్లు తిరిగిపోయి ఉండేవి. అక్షరం తప్పు చదివితే ఆ వంకర వేలితోనే నెత్తిమీద పొడిచేది. ఆదివారం మ్యాచ్ ఉంది, చర్చికి రానని చెప్పిన రోజున ఆవిడ నన్ను కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆలు నిన్నెందుకు తీసుకున్నారో ఎరికేటే గుంటా? పరిగెట్టించడానికి. గుర్రాన్నీ అందుకే తీసుకుంటారు. కాలిరిగిన్నాడు గుర్రాన్ని ఏటి సేస్తారో మీ అయ్యనడుగు."

నేను అడగలేదు. బూట్ల తాళ్ళు కట్టుకుని వెళ్ళిపోయాను.

పదిహేడో ఏట కౌలాలంపూర్‌లో ఒక క్లబ్బు నన్ను తీసుకుంది. జీతమిచ్చి, హాస్టల్లో పెట్టి ఆడించే క్లబ్బు. జట్టులో పన్నెండు మందిమి, అందులో పదకొండు మంది చైనావాళ్ళు. నాది గార్డ్ స్థానం. ఆట తెలియనివాళ్ళకి చెప్పాలంటే, బంతిని మన వైపు నుంచి అవతలి వైపుకి కొట్టుకుంటూ తీసుకెళ్ళి, దాన్ని ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో తేల్చే మనిషి. పొట్టిగా ఉన్నా ఫరవాలేదు. కళ్ళు నాలుగు వైపులా ఉండాలి. బంతి నడిపించే గార్డ్ చోటు మా జట్టులో ఒకటే. ఆ చోటులో అప్పటికే అక్క ఉంది.

అక్కంటే తోడబుట్టింది కాదు. మా కెప్టెన్. నాకన్నా పన్నెండేళ్ళు పెద్దది. మాండరిన్‌లో 'జియె' అని పిలిచేదాన్ని, అక్క అనే అర్థం. హాస్టల్లో నన్ను ఆవిడ గదిలో వేశారు. నేను వెళ్ళేసరికి నా మంచం మీద ఉతికిన దుప్పటి, ఒక జత మందపాటి మేజోళ్ళు ఉన్నాయి. "నువ్వు తెచ్చుకున్నవి పల్చగా ఉంటాయి. బొబ్బలెక్కుతాయి" అంది. నా పేరు ఆవిడ నోరు తిరిగేది కాదు. రెండు రోజులు అద్దం ముందు నిలబడి, నాలుక ఎక్కడ పెట్టాలో నన్నడిగి నేర్చుకుంది. ఆ ఆటలోకి వచ్చాక నన్ను నా పేరుతో పిలిచిన మొదటి మనిషి ఆవిడే.

నాకు వచ్చిందంతా అక్క నేర్పినదే. బంతి వైపు చూడకుండా కొట్టడం అలవాటు కావాలని నా గడ్డం కింద అట్టముక్క కట్టి, కిందికి చూడలేకుండా చేసింది. నా ఎడమచెయ్యి బలహీనం. అందుకని నెల రోజులపాటు నాతో ఎడమచేత్తోనే పళ్ళు తోమించింది, ఎడమచేత్తోనే అన్నం తినమంది. సెలవుకి ఇంటికెళ్ళి అలవాటున ఎడమచెయ్యి కంచంలో పెడితే నానమ్మ గరిటెతో కొట్టింది. అయినా మానలేదు. ఏడాది తిరిగేసరికి నేను ఎడమ వైపు తిరిగితే మా జట్టులో ఎవరూ అడ్డుకోలేకపోయేవాళ్ళు. అక్క తప్ప.

కోచ్ కూడా ఆడదే. యాభై దాటిన మనిషి, ఒకప్పుడు దేశానికి ఆడింది. ఆవిడ గొంతు పెంచగా నేను ఎన్నడూ వినలేదు. ఉప్పులో ఊరేసిన ఎండు రేగిపళ్ళలాంటివి ఎప్పుడూ చప్పరిస్తూ, గింజల్ని ఒక కాగితపు కప్పులో ఉమ్మేది. ఒకసారి జట్టులో ఒకమ్మాయి సెలవులకి వెళ్ళి లావెక్కి వచ్చింది. కోచ్ బేకరీ నుంచి పెద్ద కేకు తెప్పించింది. కోర్టు నడిమధ్య కుర్చీ వేసి ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, "మొత్తం తిను. నువ్వు తినడం అయ్యేదాకా వీళ్ళు పరిగెత్తుతారు" అంది. ఆ అమ్మాయి ఏడుస్తూ తింది. మేము చుట్టూ పరిగెత్తాం. సగంలో వాంతి చేసుకుంటే, నోరు తుడుచుకోమని గుడ్డ ఇచ్చి, మిగతాది తినమంది. ఆ మధ్యాహ్నం నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధం. ఆ కుర్చీలో నేను లేను కదా అనుకున్నాను. ఆ పిల్ల ఇంకా నెమ్మదిగా తింటే కాళ్ళు లాగేస్తాయే అని కోపం కూడా వచ్చింది.

మూడేళ్ళు నేను బెంచీ మీద కూర్చున్నాను. మ్యాచ్ గెలుపు ఖాయమయ్యాక చివరి రెండు మూడు నిమిషాలు దింపేవాళ్ళు. అంతే.

మూడో ఏడాది అక్క మోకాలు పాడైంది. ఎడమ మోకాలు. ప్రాక్టీసు అయిపోయాక గదికొచ్చి, తలుపు గడియ వేసి, మంచుముక్కలు గుడ్డలో మూటకట్టి మోకాలి మీద పెట్టుకుని కూర్చునేది. చిప్ప పక్కన కోడిగుడ్డంత వాపు. పొద్దున్నే నేను టేపు చుట్టేదాన్ని, బయటికి కనిపించకుండా పైన పొడుగు మేజోడు తొడిగేదాన్ని. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే వద్దంది.

"డాక్టరు కాగితం రాస్తాడు, కాగితం కోచ్ బల్ల మీదికి వెళ్తుంది. ఈ ఒక్క సీజన్ ఆడనీ. ఆ తర్వాత నేనే చెప్పి మానేస్తాను. నువ్వెవరికీ చెప్పకు."

"చెప్పనక్కా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

పది పన్నెండు రోజుల తర్వాత కోచ్ నన్ను తన గదికి పిలిచింది. కూర్చోమంది. పండొకటి నోట్లో వేసుకుని, నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ అడిగింది.

"బెంచీ మీద ఎన్నాళ్ళైంది?"

"మూడేళ్ళు, కోచ్."

"ఇంకా ఎన్నాళ్ళు కూర్చోగలవు?"

ఆవిడ గింజ కప్పులో ఉమ్మింది.

"ఏ కాలు?"

ఎవరి కాలని అడగలేదు. నాకేమీ తెలియదని అనొచ్చు. అర్థం కాలేదని అనొచ్చు. ఆవిడ నన్ను బెదిరించలేదు. ఫలానాది ఇస్తానని ఆశ పెట్టలేదు. ఆ రెంటిలో ఏదో ఒకటి చేసి ఉంటే ఇవాళ ఇది చెప్పుకోవడం నాకు కొంచెం తేలికయ్యేది.

"ఎడమది" అన్నాను.

"సరే, వెళ్ళు" అంది.

మర్నాడు మధ్యాహ్నం ప్రాక్టీసు. ఉక్కగా ఉంది, పంకాలు తిరుగుతున్నా కోర్టు ఆవిరి కక్కుతోంది. కోచ్ అందరినీ గోడ వారగా కూర్చోబెట్టింది. నన్ను, అక్కను కోర్టులో నిలబెట్టింది. బంతి నాకు ఇచ్చింది.

"ఒకరికి ఒకరు. ఇది వెళ్తుంది, కెప్టెన్ ఆపుతుంది." నా వైపు తిరిగి, "ఎడమ వైపు నుంచే వెళ్ళు. ప్రతిసారీ ఎడమే" అంది.

నేను నా ఎడమకి తిరిగితే, నాకెదురుగా నిలబడ్డ మనిషి తన ఎడమకాలితో నేలను తన్నుకుని అడ్డం రావాలి. ఇంకో దారి లేదు. అక్కకి వెంటనే అర్థమైంది. నా ముఖంలోకి చూసింది. నేను బంతి వైపు చూశాను. మూడేళ్ళుగా చూడకూడదని నేర్పినదాని వైపే చూశాను.

మొదటిసారి ఆపేసింది. రెండోసారీ ఆపింది. మూడోసారి అరడుగు ఆలస్యమైంది, నేను దాటి వెళ్ళి బాస్కెట్ వేశాను. కోచ్ "ఇంకోసారి" అంది. ఆ మాట తప్ప ఇంకేమీ అనలేదు. అయిదు, ఆరు, ఏడు. గోడ దగ్గర కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. తొమ్మిదోసారి అక్క మూతి బిగించి చిన్నగా మూలిగింది. "ఇంకోసారి." నాకు లోపల ఏమనిపించిందో దాచుకోకుండా చెప్పాలంటే, పదోసారి దాటాక నాకు సంతోషం వేసింది. దేశంలోకెల్లా మంచి గార్డ్‌ని ఎడమచేత్తో దాటి వెళ్ళిపోతున్నాను. కాళ్ళు తేలిపోతున్నాయి. కావాలనే వేగం పెంచాను. ముందు కుడికి ఊగి, ఆవిడ బరువంతా ఎడమకాలి మీద పడేదాకా ఆగి, అప్పుడు తిరిగాను. అది కోచ్ చెప్పలేదు. నేనే చేశాను.

పదిహేడోసారి మోకాలు పోయింది. తడి కర్ర విరిచినట్టు చప్పుడు. అక్క అరవలేదు. కూలబడి, రెండు చేతులతో కాలు పట్టుకుని, నేలకి ముఖం ఆనించింది. నేను బాస్కెట్ వేసేశాను. బంతి వలలోంచి జారి, దొర్లుకుంటూ ఆవిడ భుజం దగ్గరికి వెళ్ళి ఆగింది.

కోచ్ కుర్చీలోంచి లేచి, "ఆస్పత్రికి కారు పిలవండి" అంది. తర్వాత నా వైపు తిరిగి, "శనివారం నువ్వు మొదటి అయిదుగురిలో ఉన్నావు" అంది.

అక్క సామాను సర్దమని మేనేజరు నాకే చెప్పాడు. రెండు సంచుల్లో సర్దాను. ఆవిడ టేపు చుట్ట సగం మిగిలి ఉంది. అది సంచిలో పెట్టకుండా నేనుంచుకున్నాను, నా చీలమండలకి వాడుకున్నాను. జట్టంతా కలిసి పంపిన కార్డు మీద అందరితోపాటు నేనూ సంతకం చేశాను, 'త్వరగా కోలుకో అక్కా' అని రాశాను. ఆస్పత్రికి ఒకసారి వెళ్ళాను. వార్డు తలుపు దాకా వెళ్ళి, గాజు అద్దంలోంచి ఆవిడ కాలు పైకెత్తి కట్టి ఉండటం చూసి, తీసుకెళ్ళిన బొప్పాయిపండు నర్సు బల్ల మీద పెట్టి తిరిగొచ్చాను. శనివారం గెలిచాం. నేను బాగా ఆడాను. ఆ మాట తప్పించుకోలేను, చాలా బాగా ఆడాను.

ఆ తర్వాత ఎనిమిది సీజన్లు ఆ చోటు నాదే. ఈపో, పెనాంగ్, జొహోర్, కూచింగ్ తిరిగాం. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ స్టాండ్స్‌లోంచి ఎవరో ఒకరు బడిలో నాకు పెట్టిన 'నల్లపిల్ల' పేరే పెట్టి అరిచేవాళ్ళు. కొందరు కోతిలా కూసేవాళ్ళు. గెలిచినప్పుడు మా జట్టు అభిమానులు కూడా అదే పేరు పెట్టి అరిచేవాళ్ళు, కాకపోతే ముద్దుగా. రెంటికీ తేడా ఏమిటో నాకు తెలిసేది కాదు. నేను కూడా కోర్టులో మోచేతులు వాడటం నేర్చాను. రిఫరీ కంటికి కనిపించకుండా ఎదుటివాళ్ళ పక్కటెముకల్లో ఎక్కడ పొడిస్తే ఊపిరి అందదో నాకు బాగా తెలుసు.

నాన్న ఒక్కసారే నా ఆట చూడ్డానికి వచ్చాడు. క్లాంగ్‌లో మ్యాచ్. గోడౌన్ నుంచి సరాసరి వచ్చి, పనిబట్టలతోనే చివరి వరసలో కూర్చున్నాడు. గెలిచాక ఇద్దరం పక్కనున్న మామక్ కొట్లో, అంటే తమిళ ముస్లిముల హోటల్లో, టీ తాగాం. గ్లాసు తిప్పుతూ అన్నాడు.

"ఆ పొడుగు గుంట మూడుసార్లు కాళీగా నిలబడింది. నువ్వు సూసినావు. బంతి ఇయ్యనేదు. ఎందుకమ్మా?"

"అది జారవిడిచేస్తాది నానా. కొత్తది."

"ఫోర్క్‌లిఫ్ట్ కాడ కొత్తోడికి బండి ఇయ్యకపోతే ఆడెప్పుడు నేర్సుకుంటాడు?" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "నువ్వు బాగా ఆడినావు. కానీ ఆడినంతసేపూ నీ మొకం సూసినాను. అచ్చం మాయమ్మ మొకమే" అన్నాడు.

నాన్నకి నానమ్మంటే ఎంత భయమో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ వయసులో కూడా ఆవిడ దగ్గితే చేతిలో ఉన్నది కింద పెట్టేసేవాడు. నేను నవ్వేసి ఇంకో టీ చెప్పాను. ఆయన తాగలేదు. డ్యూటీ ఉందని లేచిపోయాడు. ఇంకెప్పుడూ మ్యాచ్‌కి రాలేదు, నేనూ పిలవలేదు.

ఇరవై ఎనిమిదో ఏట నా కాళ్ళలో వేగం తగ్గింది. నాకు తెలిసిన మర్నాడే కోచ్‌కీ తెలిసింది. ఆ ఏడాది సరవాక్ నుంచి ఒక పిల్లని తెచ్చారు. పద్దెనిమిదేళ్ళది. గార్డ్. దాన్ని నా గదిలో వేశారు.

"నీకొచ్చిందంతా నేర్పు" అంది కోచ్.

ఆ పిల్ల నన్ను మొదటిరోజు నుంచే అక్కా అని పిలిచింది. వాళ్ళమ్మ సరవాక్ నుంచి మిరియాలు, ఎండుచేపలు పంపేది. గదిలో చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ మీద వండి నాకు ముందు పెట్టేది. నా బూట్లు తుడిచిపెట్టేది. వద్దంటే వినేది కాదు. దానికి అన్నీ వచ్చు. ఒక్కటే రాదు, ఫ్రీ త్రో. అంటే ఎదుటివాళ్ళు తప్పు చేసినప్పుడు గీత దగ్గర నిలబడి, ఎవరి అడ్డూ లేకుండా వేసే బంతి. అది కుదిర్చితే నా చోటు పోయినట్టే.

ఫ్రీ త్రోలో కుడిచెయ్యి బంతిని వేస్తుంది, ఎడమచెయ్యి పక్కన ఊరికే ఆనుకుని ఉండాలి. ఎడమ బొటనవేలు బంతిని తొయ్యకూడదు. తోస్తే, ఒళ్ళు తాజాగా ఉన్నంతసేపు బంతి తిన్నగానే వెళ్తుంది, పైగా బలంగా వెళ్తున్నట్టు అనిపిస్తుంది. అలిసిపోయాక మాత్రం ఆ వేలు లెక్క తప్పి బంతిని పక్కకి నెట్టేస్తుంది. ఒకసారి ఆ అలవాటు పడితే పోగొట్టుకోవడం చాలా కష్టం.

"ఎడమ బొటనవేలితో చివర్లో చిన్నగా తొయ్యి" అని చెప్పాను దానికి. "నేనూ అలాగే వేస్తాను. ఇది ఎవరికీ చెప్పలేదు."

ఆ చివరి మాటకి దాని ముఖం వెలిగిపోయింది. పొద్దున్నే అందరికన్నా ముందు లేచి, రోజుకి రెండువందల బంతులు వేసేది. పక్కన నిలబడి వేలు చాలడం లేదని, ఇంకొంచెం తొయ్యమని నేను సరిదిద్దేదాన్ని. మూడు నెలలు. పొద్దున వేసినవి పదికి ఎనిమిది పడేవి. అది ఎగిరి గంతేసి నన్ను కౌగిలించుకునేది.

దానికి మొదటి పెద్ద మ్యాచ్ పెనాంగ్‌లో వచ్చింది. చివరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. దానికి రెండు ఫ్రీ త్రోలు. ముప్ఫై నిమిషాలకి పైగా పరిగెత్తి ఉంది, చెమటలు కారుతున్నాయి. మొదటిది కుడి పక్కకి పోయి ఇనపచక్రం అంచుకి తగిలింది. రెండోది చక్రాన్ని కూడా తాకలేదు. స్టాండ్స్ అంతా పగలబడి నవ్వింది. బస్సులో అది నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. నేను జుట్టు నిమిరాను. "మొదటిసారి అందరికీ ఇంతే" అన్నాను. నా చెయ్యి నిమురుతూనే ఉంది, కడుపులో మాత్రం చల్లగా ఉంది.

మూడు రోజుల తర్వాత ప్రాక్టీసులో కోచ్ ఆట ఆపించింది. ఆ పిల్లని గీత దగ్గర నిలబెట్టి, వరసగా వేయించింది. దగ్గరికెళ్ళి దాని ఎడమచెయ్యి పట్టుకుని, బొటనవేలు తన రెండు వేళ్ళ మధ్య ఇరికించి పైకెత్తి చూసింది.

"ఇది ఎవరు నేర్పారు?"

"అక్క" అంది ఆ పిల్ల గర్వంగా. "అక్క ఎవరికీ చెప్పని చిట్కా."

జట్టులో పాతవాళ్ళు ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. వాళ్ళకి వెంటనే అర్థమైంది. కోచ్ నా చేతికి బంతి ఇచ్చి వెయ్యమంది. వేశాను. ఎనిమిది సీజన్లు వేసినట్టే వేశాను. నా బొటనవేలు కదల్లేదు. ఆ పిల్ల నా చేతి వైపు, తన చేతి వైపు చూసుకుంది. దానికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక, తన ఎడమచేతిని వీపు వెనక దాచుకుంది, నేను కొడతానేమో అన్నట్టు.

కోచ్ నాతో అదే మెత్తటి గొంతుతో అంది. "నేను చేసింది అందరి ముందూ చేశాను, ఒక్క మధ్యాహ్నంలో. నువ్వు మూడు నెలలు చేశావు. దాని చేతివంట తింటూ చేశావు. నా దగ్గర నేర్చుకోలేదిది." పండు గింజ కప్పులో ఉమ్మింది. "సామాను సర్దుకో. సాయంత్రం ట్రైనుంది."

అలా అయిపోయింది నా ఆట. వీడ్కోలు లేదు, పూలదండ లేదు. ఆ పిల్ల తర్వాత రెండు సీజన్లు ఆడింది. ఆ వేలి అలవాటు పోలేదు. దాన్ని గీత దగ్గరికి పంపితే చాలని ప్రతి జట్టుకీ తెలిసిపోయింది, కావాలనే తప్పు చేసి దాన్ని అక్కడ నిలబెట్టేవాళ్ళు. తర్వాత సరవాక్ వెళ్ళిపోయిందని విన్నాను. నేను చేసిందంతా రాసి, క్షమించమని మెసేజ్ పెట్టాను. చదివినట్టు గుర్తు కనిపించింది. జవాబు రాలేదు.

ఇప్పుడు నేను పోర్ట్ క్లాంగ్‌లో సరుకు రవాణా ఆఫీసులో పనిచేస్తున్నాను. కంటెయినర్ల కాగితాలు చూస్తాను, లారీ డ్రైవర్లతో ఫోనులో మాట్లాడతాను. చైనా భాష వచ్చు కాబట్టే ఆ ఉద్యోగం ఇచ్చారు. నాన్న నమ్మకం నిజమే అయింది.

అక్క క్లాంగ్‌లోనే ఒక కాఫీ షాపులో చేపల గంజి అమ్ముతోందని మా పాత జట్టు అమ్మాయి ఒకతి చెప్పింది. తెలిసిన తర్వాత కూడా ఏడాది పైనే వెళ్ళలేదు. ఎప్పుడైనా ఎదురవుతుందేమోనని ఆ వీధి తప్పించి తిరిగాను. ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టు పడింది. పొద్దున పదిన్నరకి వెళ్ళాను.

ఎత్తు స్టూలు మీద కూర్చుని, చేపముక్కలు పల్చగా కోస్తోంది. జుట్టు నెరిసింది. ఎడమకాలు వంచకుండా ముందుకి చాపుకుని ఉంది. నన్ను చూసి కత్తి ఆపలేదు.

"గంజా?" అంది.

"అవునక్కా."

గిన్నెలో పోసి, పైన అల్లం సన్నగా తరిగి వేసి నా ముందు పెట్టింది. నేను తినకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మాండరిన్‌లో ఎన్నో మాటలు కూర్చుకుని వచ్చాను. ఒక్కటి తప్ప ఏదీ రాలేదు.

"కోచ్‌కి నేనే చెప్పాను."

"తెలుసు" అంది. "ఆ మోకాలి సంగతి తెలిసింది ఇద్దరికి. నేను చెప్పలేదు."

"ఆవిడ అడిగింది. నేను…"

"నన్ను కూడా అడిగింది" అంది, ఇంకో చేప తీసుకుంటూ. "నువ్వొచ్చిన మొదటి నెల. కొత్తపిల్ల గదిలో ఏడుస్తోందా అని. ఏడ్చే పిల్లల్ని ఆవిడ ఉంచుకోదు, నీకు తెలుసుగా. నువ్వు రోజూ దిండులో మొహం పెట్టి ఏడ్చేదానివి. లేదు, హాయిగా నిద్రపోతోంది అని చెప్పాను."

నాకది అప్పటిదాకా తెలియదు. నేను ఏడ్చింది ఆవిడ విన్నదనే తెలియదు.

"మూడోసారికే నువ్వు ఆగవని అర్థమైంది" అంది. "పదోసారి తర్వాత నీ అడుగుల్లో తేడా వచ్చింది. నీకు బాగుంది. నేను ఆ కాలి నొప్పి మర్చిపోయాను, ఆపరేషన్లు మర్చిపోయాను. నీకు బాగుండటం మర్చిపోలేదు."

నేను ఏడవడం మొదలుపెట్టాను. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన పేపరు దించి చూసి మళ్ళీ ఎత్తుకున్నాడు. అక్క ఒక కాగితపు రుమాలు నా వైపు జరిపింది.

"క్షమించమని అడగడానికి వచ్చావా?"

"అవునక్కా."

"క్షమించను" అంది. గొంతులో కోపం లేదు. గంజిలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే ఉంది. "నీ పేరు పలకడం నేర్చుకున్నాను చూడు. ఇప్పటికీ సరిగ్గా పలకగలను. ఇక పలకను. తిను, చల్లారిపోతుంది. పదకొండున్నరకి జనం వస్తారు, ఆ కుర్చీ కావాలి."

తిన్నాను. గంజి బాగుంది. అల్లం ఘాటుకి ముక్కు కారుతుంటే ఆ రుమాలుతోనే తుడుచుకుంటూ అడుగుదాకా తిన్నాను. లేచేసరికి ఇద్దరు ఫ్యాక్టరీ అమ్మాయిలు నా వెనక నిలబడి ఉన్నారు. అక్క వాళ్ళని చూసి నవ్వి, రోజూ తినేదేనా అని అడిగింది. నేను స్టేషన్‌కి నడిచి, పోర్ట్ క్లాంగ్ ట్రైను ఎక్కి, షిఫ్టుకి వెళ్ళాను.